పికప్ మీద ఇల్లు: రొయ్యల బండి పెట్టె పద్ధతిలో కుటుంబ క్యాంపర్ కట్టుకోవడం

భార్యాపిల్లలతో పికప్‌లో బయల్దేరి ఒక రాత్రి భైరవకోన దగ్గర, ఇంకో రాత్రి కంభం చెరువు దగ్గర, మూడో రోజు నల్లమల దాటి అటువైపు. ఇలా తిరగాలని ఉన్నవాళ్ళు చాలామంది క్యాంపర్ అనగానే విదేశీ వీడియోలు చూసి, అందులోని చెక్కపెట్టెను ఇక్కడ దించాలని చూస్తారు. ఆ పెట్టెలు చలిదేశాల కోసం కట్టినవి. మనకు కావాల్సింది ఎండకు, ఉప్పుగాలికి, తుపాను వానకు నిలిచే పెట్టె. దాన్ని కట్టే చేతులు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ముందునుంచే ఉన్నాయి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువుల నుంచి రొయ్యల్ని ఐసుతో మోసుకెళ్ళే బండ్ల వెనక ఉండే పఫ్ పెట్టె (రెండు తొడుగుల మధ్య పాలియురెథేన్ ఫోమ్ నింపి, వేడి లోపలికి దూరకుండా కట్టేది) మంచి క్యాంపర్‌కు సగం పని చేసిపెట్టినట్టే. మిగతా సగం బరువు లెక్క. ఈ రెండూ సరిగ్గా కుదిరితే బండి కుటుంబాన్ని ఏళ్ళ తరబడి భద్రంగా తిప్పుతుంది.

ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబం కోసం, డబుల్ క్యాబ్ పికప్ (ముందు క్యాబిన్లో రెండు వరుసల సీట్లున్నది) మీద, కావాల్సినప్పుడు దించుకోగలిగే పెట్టెను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

1. బండి కొనకముందు ఆర్సీ చదవండి

బండి నడిచేటప్పుడు వెనక పెట్టెలో ఎవరూ కూర్చోకూడదు. పిల్లలు అడిగినా, రోడ్డు ఖాళీగా ఉన్నా సరే. అందరూ ముందు క్యాబిన్లో బెల్టు పెట్టుకుని కూర్చోవాలి కాబట్టి నలుగురి కుటుంబానికి డబుల్ క్యాబ్ తప్ప దారి లేదు. సింగిల్ క్యాబ్ బండికి డెక్, అంటే వెనక సరుకు వేసే భాగం, పొడుగ్గా ఉంటుంది, లోపల హాయిగా ఉంటుంది, కానీ అది మొగుడూ పెళ్ళాం ఇద్దరే తిరిగేవాళ్ళకు.

డబుల్ క్యాబ్‌లలో రెండు రకాలు. ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ లాంటివి సొంత వాడకానికి తెల్లబోర్డు మీద నడుస్తాయి. ఇసుజు ఎస్-క్యాబ్, మహీంద్రా బొలెరో క్యాంపర్ లాంటివి మామూలుగా పసుపుబోర్డు సరుకు బండ్లు. చూడ్డానికి మొదటి రకం బలంగా కనిపిస్తుంది, సౌకర్యమూ ఎక్కువే. అయితే ఆర్సీ ప్రకారం మోయగలిగే బరువులో పసుపుబోర్డు బండే చాలాసార్లు ముందుంటుంది. షోరూములో సేల్స్ అబ్బాయి చెప్పిన మాట మీద ఆధారపడకండి. ఆర్సీలో లేడెన్ వెయిట్ (నిండు బండి బరువు) లోంచి అన్‌లేడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) తీసేయండి. మిగిలిందే మీ మొత్తం మూలధనం. మనుషులు, పెట్టె, నీళ్ళు, బియ్యం అన్నీ అందులోనే సర్దుకోవాలి.

ఆ అంకె 500 కిలోల లోపు వస్తే గట్టి గోడల పెట్టె ఆలోచన మానేసి, పైకప్పు లేపితే టెంట్‌లా తెరుచుకునే తేలికపాటి రకానికి వెళ్ళండి. 1,000 కిలోల దరిదాపుల్లో ఉంటే ఇక్కడ చెప్పబోయే పెట్టె కుదురుతుంది.

పసుపుబోర్డు బండికి మామూలు ఎల్‌ఎంవి (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలుతుందా అన్న అనుమానం చాలామందికి ఉంది. 7,500 కిలోల లోపు రవాణా బండిని ఎల్‌ఎంవి లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 3,000 కిలోల లోపు సరుకు బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు. ఫిట్‌నెస్ మాత్రం గడువు తప్పకుండా చేయించాలి.

2. పెట్టె కట్టకముందే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడండి

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

కాబట్టి దారులు రెండు. పెట్టెను చాసిస్‌కు శాశ్వతంగా బిగించాలంటే మోటార్ క్యారవాన్‌లకున్న ఏఐఎస్-124 ప్రమాణం ప్రకారం అనుమతి ఉన్న బాడీ బిల్డర్ దగ్గరే చేయించి, ఆర్సీలో బాడీ రకం మార్పించుకోవాలి. సొంతానికి వాడే క్యాంపర్ వ్యాన్ కేంద్ర ప్రభుత్వ రవాణాయేతర వాహనాల జాబితాలో ఉంది కాబట్టి ఆ రకం రిజిస్ట్రేషన్ అనేది కొత్త విషయమేమీ కాదు. ఖర్చు, కాలం మాత్రం ఎక్కువ.

రెండోది, బండిని ముట్టుకోకుండా, డెక్ మీద సరుకులా ఎక్కి సరుకులా దిగే పెట్టె. చాసిస్‌కు వెల్డింగ్ ఉండదు, డెక్ కోయడం ఉండదు, పక్కలకు గానీ వెనక్కి గానీ పొడుచుకు రావడం ఉండదు. నేను సమర్థించేది ఇదే. ఇదైనా సరే, కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు వేసి, ఆర్టీవో ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు ముందే చూపించండి. అలాగే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ప్రమాదం జరిగిన తర్వాత చెప్పే మాటకు అక్కడ విలువుండదు.

3. బరువు పద్దు

ఈ మెట్టు మీద ఎంతసేపు కూర్చుంటే తర్వాత అంత సుఖం. ఒక ఉదాహరణ వేసి చూద్దాం.

ఆర్సీ లెక్క ప్రకారం 1,000 కిలోలు మోయొచ్చనుకోండి. నలుగురు మనుషులకు 200 పోతే మిగిలేది 800. అందులో 150 ముట్టుకోకుండా పక్కన పెట్టండి, ఎందుకంటే దారిలో కొనే సామాను, తడిసిన దుప్పట్లు, పెరిగే పిల్లలు ఏ పద్దులోనూ ముందు కనపడరు. ఇక చేతిలో ఉన్నది 650.

పెట్టె కొలతలు: డెక్ మీద కూర్చునే భాగం పొడవు 1.6 మీటర్లు, వెడల్పు 1.6, ఎత్తు 2. క్యాబిన్ మీదికి ముందుకు వచ్చే పడక గూడు పొడవు ఇంకో 1.3 మీటర్లు. నేల, గోడలు, కప్పు అన్నీ కలిపితే సుమారు 24 చదరపు మీటర్ల ప్యానెల్. 50 మిల్లీమీటర్ల పఫ్‌కు రెండు వైపులా అర మిల్లీమీటరు ఇనుప రేకు ఉంటే చదరపు మీటరు దాదాపు 10 కిలోలు తూగుతుంది. అంటే వట్టి పెట్టే 240 కిలోలు.

దానికి ఫ్రేము, తలుపు, కిటికీలు 70. లోపలి చెక్కపని, పరుపులు 90. బ్యాటరీ, సోలార్, వైర్లు 65. నీళ్ళు 60. ఫ్రిజ్, పొయ్యి, గ్యాస్ 45. బట్టలు, సరుకులు, గిన్నెలు 80. పందిరి గుడ్డ, జాకీ, పనిముట్లు 40. కూడితే 690. నలభై కిలోలు దాటిపోయింది.

చాలామంది ఇక్కడ "నలభై కిలోలే కదా" అని ముందుకెళ్ళిపోతారు. అలా వెళ్తే వెనక కమాన్ పట్టీలు కుంగుతాయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది, ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కుతాయి. అదనంగా కమాన్ పట్టీ వేయిస్తే బండి ఎత్తుగా కనిపిస్తుందే గానీ ఆర్సీలో అంకె మారదు, బ్రేకులు పెద్దవి కావు.

ఇనుప రేకు బదులు ఒకటిన్నర మిల్లీమీటరు ఫైబర్ తొడుగు వేస్తే చదరపు మీటరు 7 కిలోలకు దిగుతుంది. పెట్టె 170 కిలోలకు వస్తుంది. ఒక్క దెబ్బతో 70 తగ్గి మొత్తం 620లో సర్దుకుంటుంది. పైగా ఫైబర్‌కు తుప్పు లేదు. జువ్వలదిన్నె, మైపాడు తీరాల్లో తిరిగే ఫైబర్ పడవలకు మరమ్మతు చేసేవాళ్ళు ఈ పనిలో ఆరితేరిన వాళ్ళు. పఫ్ పెట్టె కట్టే మేస్త్రినీ, పడవల ఫైబర్ పనివాణ్ణీ ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడించండి. ఈ ఇద్దరూ కలిసిన చోట మీ క్యాంపర్ సగం తయారైనట్టే.

4. పెట్టె కట్టించడం

ముందు ఖాళీ డెక్ మీద వెనక యాక్సిల్ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో అడ్డగీత గీయండి. పెట్టె మొత్తం బరువు కేంద్రం ఈ గీతకు క్యాబిన్ వైపు ఉండాలి. బ్యాటరీ, నీళ్ళు, గ్యాస్ సిలిండర్ అన్నీ గీతకు ముందు, నేలకు దగ్గరగా. తలుపు దగ్గర, వెనకాల, తేలికవి మాత్రమే.

పడక గూటికీ క్యాబిన్ కప్పుకూ మధ్య కనీసం 6 సెంటీమీటర్ల సందు వదలండి. గతుకుల్లో చాసిస్ మెలిపడినప్పుడు క్యాబిన్ ఒకలా, డెక్ ఇంకోలా ఊగుతాయి. సందు చాలకపోతే కప్పు సొట్టపోతుంది.

ప్యానెల్ తీసుకునేటప్పుడు ఒక పరీక్ష ఉంది. మంచి మేస్త్రి ఎవరైనా చేతి వేలి కణుపుతో ప్యానెల్ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు తట్టుకుంటూ పోతాడు. నిండుగా ఉన్న చోట మొద్దు శబ్దం వస్తుంది. ఉన్నట్టుండి డబ్బా మీద కొట్టినట్టు మోగితే "ఇక్కడ ఫోమ్ అందలా సామీ" అని గీత గీసి పక్కన పెడతాడు. అలాంటి ఖాళీలోకే ముందుగా నీరు చేరేది, గతుకుల్లో అక్కడే తొడుగు ఊడేది. మీరూ పక్కనుండి తట్టించి చూడండి.

మూలల్లో అల్యూమినియం యాంగిల్, లోపల పాలియురెథేన్ సీలెంట్, దాని మీద రివెట్. సిలికాన్ వాడొద్దు, ఒకసారి పట్టు వదిలితే ఆ తర్వాత దాని మీద ఇంకే సీలెంటూ అతకదు. అల్యూమినియానికి ఇనుప స్క్రూ నేరుగా తగిలితే ఉప్పుగాలిలో రెండూ తినేసుకుంటాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు, మధ్యలో రబ్బరు వాషర్లు వేయించండి. కప్పుకు తెల్లరంగు తప్పనిసరి. సోలార్ ప్యానెళ్ళను కప్పుకు అంటించకుండా 5 సెంటీమీటర్లు ఎత్తి బిగిస్తే అవి కప్పుకు నీడ పడతాయి, వాటి కింద గాలి ఆడి కరెంటూ బాగా వస్తుంది.

లోపలి చెక్కపనికి ఇంటి కబోర్డులకు వేసే 18 మిల్లీమీటర్ల ప్లై వద్దు. 9 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై, మూలలకు అల్యూమినియం చాలు. పెద్దలకు గూటిలో పడక, పిల్లలకు పగలు బల్ల, రాత్రి మంచం అయ్యే కూర్చునే చోటు. ఇంతకు మించి లోపల ఏదీ పెట్టకండి.

5. గాలి, తలుపు: ప్రాణం మీది విషయం

రొయ్యల పెట్టె లోపలికి గాలి రాకుండా కడతారు. ఆ పెట్టెలో నలుగురు తలుపేసుకుని పడుకుంటే ఊపిరాడదు. కట్టించేటప్పుడే నేల దగ్గర రెండు గాలి రంధ్రాలు, కప్పులో ఒక 12 వోల్టుల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. అన్నిటికీ దోమల మెష్ ఉండాలి. నెల్లూరు దోమల సంగతి ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. రంధ్రాలు మూసుకునే వీలు లేకుండా చేస్తే ఇంకా మంచిది, చలికాలం పిల్లలెవరైనా గుడ్డ కుక్కకుండా.

సరుకు పెట్టె తలుపు గొళ్ళెం బయటినుంచే పడుతుంది. అది తీసేయించి లోపలినుంచి పిల్లలు కూడా తీయగలిగే లాచ్ వేయించాలి. బయటివాడు గడియ పెట్టినా లోపలినుంచి తెరుచుకోవాలి. పడక గూటిలో ఒక పక్క మనిషి దూరేంత కిటికీ ఉండాలి, ఎందుకంటే పఫ్ అంటుకుంటే విషపు పొగ వస్తుంది, తలుపు దాకా వెళ్ళే టైం ఉండదు. పొగ అలారం, గ్యాస్ అలారం, చేతికందే చోట మంటలార్పే 2 కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్. వీటిలో బరువు ఆదా చేయొద్దు.

6. బండికి కట్టడం

డెక్ మీద 8 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ పరిచి పెట్టెను దించాలి. నాలుగు మూలలా టర్న్ బకిళ్ళు (తిప్పుతూ బిగించే మరకొక్కేలు). డెక్ పక్క రేకుల కొక్కేలకు తాడు కట్టి సరిపెట్టుకుంటే హైవే గాలికి రేకు చిరుగుతుంది. డెక్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే బోల్టుల దగ్గర ఉన్న బలమైన పట్టీలకు బిగించాలి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత బండి ఆపి మళ్ళీ బిగించండి, రబ్బరు కుదురుకుని కచ్చితంగా వదులవుతాయి.

టైర్ల మీద లోడ్ ఇండెక్స్ అంకె చూడండి. 110 అంటే ఒక్కో టైరు 1,060 కిలోలు, 104 అంటే 900.

బండి మొత్తం ఎత్తు 2.9 మీటర్ల దాకా వస్తుంది. ఆ అంకెను డ్యాష్‌బోర్డు మీద రాసి అంటించండి. నెల్లూరు మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల్లాంటి చోట్లకు వెళ్ళేముందు బోర్డు మీది ఎత్తు చదివి తీరాలి. వానల్లో అవి నీళ్ళతో నిండుతాయి కాబట్టి అప్పుడు అసలు వెళ్ళొద్దు.

7. కరెంటు

ఏసీ సంగతి ముందు తేల్చుకోండి. ఒక టన్ను ఏసీ రాత్రంతా నడవాలంటే నాలుగైదు యూనిట్లు కావాలి. కప్పు మీద పట్టే సోలార్ దాన్ని తీర్చలేదు. ఎయిర్ కూలర్ మార్కాపురం, గిద్దలూరు వైపు పొడి వేడికి పనికొస్తుంది, సముద్రం పక్క తేమ గాలిలో పెట్టెను ఇంకా ఉక్కపోయిస్తుంది. కాబట్టి ఫ్యాన్లతో గడిచేలా కాలాన్ని ఎంచుకోవడమే సరైన పద్ధతి. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మన వైపు తిరగడానికి మంచి రోజులు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. మే నెలలో బండి ఇంటి దగ్గర నీడన ఉండాలి.

రోజు ఖర్చు: 40 లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్‌కు అర యూనిట్ పైన, రెండు చిన్న ఫ్యాన్లకు అర యూనిట్ పైన, లైట్లు, ఫోన్లు కలిపి 0.15. మొత్తం 1.3 యూనిట్ల దరిదాపు. 400 వాట్ల ప్యానెళ్ళు ఎండ రోజున ఈ మాత్రం ఇస్తాయి. మబ్బు పట్టిన రోజు కోసం 200 యాంప్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెడితే 2.5 యూనిట్లు నిల్వ ఉంటుంది, అంటే దాదాపు రెండు రాత్రులు. ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీతో ఇదే నిల్వ కావాలంటే బరువు ఎన్నో రెట్లు అవుతుంది. అక్కడ పద్దు తలకిందులు.

బండి నడుస్తుండగా ఛార్జ్ కావడానికి 20 యాంపుల డీసీ-డీసీ ఛార్జర్, దానికి 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. సన్న వైరు వేస్తే వేడెక్కుతుంది, వోల్టేజీ దారిలోనే పోతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి అడుగు దూరంలోపు ఫ్యూజు ఉండాలి. ఇళ్ళకు వాడే ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చులు) డీసీకి, అంటే బ్యాటరీ కరెంటుకు, పనికిరావు, డీసీ అని ముద్ర ఉన్నవే కొనండి. వైర్లన్నీ పైపుల్లో, ప్యానెల్ బయట వైపే వెళ్ళాలి. ఫోమ్ లోపల వైరు దూర్చొద్దు.

8. నీళ్ళు, వంట, టాయిలెట్

పెద్ద ట్యాంకు బిగించే ఆలోచన మన ప్రాంతానికి అనవసరం. ఏ ఊళ్ళో ఆగినా 20 లీటర్ల ఆర్వో క్యాన్ దొరుకుతుంది. మూడు క్యాన్లు, ఒక చిన్న 12 వోల్టుల పంపు, అంతే. క్యాన్ ఖాళీ అయితే మార్చేస్తారు, నాచు పట్టే బాధ లేదు. తాగడానికి దారిలో బోరు నీళ్ళు పట్టొద్దు. కనిగిరి వైపు ఫ్లోరైడ్, తీరంలో ఉప్పు.

వంట బయటే. తాలింపు ఘాటు ఈ కొలత గదిలో ఒక్కసారి నిండితే పరుపుల నుంచి వారం రోజులు పోదు. వెనక తలుపు పక్కన మడత బల్ల, పైన పందిరి గుడ్డ, 5 కిలోల సిలిండర్. సిలిండర్ అర లోపలి గదితో కలవకూడదు, దాని అడుగున బయటికి రంధ్రం ఉండాలి. గ్యాస్ గాలికన్నా బరువు, కిందికే దిగుతుంది. బండి కదిలేముందు రెగ్యులేటర్ ఆపు.

ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్న ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద ఊరట పోర్టబుల్ టాయిలెట్. 10, 20 లీటర్ల రకాలు దొరుకుతాయి. దాన్ని టాయిలెట్‌లోనే ఖాళీ చేయాలి. వాగు ఒడ్డున, చెరువు కట్ట కింద గుమ్మరించడం ఆ ఊరివాళ్ళకు చేసే అన్యాయం.

9. కాటా, ఆ తర్వాత మొదటి ప్రయాణం

అన్నీ సర్ది, క్యాన్లు నింపి, డీజిల్ ఫుల్ చేసి, కుటుంబాన్ని ఎక్కించి రైస్ మిల్లు దగ్గరి కాటాకు వెళ్ళండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక చీటీ, బండి మొత్తం ఎక్కించి ఇంకో చీటీ. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక యాక్సిల్ బరువు. మొత్తం ఆర్సీలోని లేడెన్ దాటకూడదు, వెనకది కంపెనీ ఇచ్చిన యాక్సిల్ పరిమితి దాటకూడదు. దాటితే ఇంటికెళ్ళి ఏదో ఒకటి దించాల్సిందే.

వానకు ముందు ఒక పరీక్ష: తలుపు రబ్బరు మధ్య పత్రికలోంచి చించిన కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చే చోట నీరూ దుమ్మూ వస్తాయి. చుట్టూ అడుగడుగునా ఇలా చూసి, తర్వాత గొట్టంతో పావుగంట నీళ్ళు కొట్టించండి.

మొదటి రాత్రి ఇంటికి గంట దూరంలోనే గడపండి. నెల్లూరు వాళ్ళకు మైపాడు, ఒంగోలు వాళ్ళకు కొత్తపట్నం. బండి రోడ్డు మీదే ఉండాలి, ఇసుకలోకి దించకండి. ఇంత బరువు దిగబడితే ట్రాక్టరు రావాలి, పైగా జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. రాత్రి అక్కడ లైట్లు కూడా తగ్గించండి. రెండో ప్రయాణం సోమశిల గానీ పెంచలకోన గానీ, కొద్దిపాటి ఎత్తుపల్లాలతో. అక్కడ గుడివాళ్ళనో ఊరివాళ్ళనో అడిగి చోటు చూసుకోండి, అడిగితే కాదనేవాళ్ళు అరుదు. దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ మూడోదానికి ఉంచండి. అది పులుల అభయారణ్యం, రాత్రిపూట గేట్లు మూసేస్తారు, మధ్యలో ఎక్కడా బండి ఆపి పడుకోకూడదు. పగలే దాటేలా దోర్నాల నుంచి పెందలాడే బయల్దేరండి, దిగేటప్పుడు రెండో గేరులోనే దిగండి.

ప్రతి ప్రయాణం అయ్యాక పెట్టెను మంచినీళ్ళతో కడిగి, టర్న్ బకిళ్ళకు గ్రీజు పెట్టి, కప్పు మీదికెక్కి సీలెంట్ చుట్టూ వేలుతో నొక్కి చూడండి. వేలికి మెత్తగా, పొడిగా ఊడి వచ్చిన చోట అదే రోజు కొత్తది వేయించండి.